ముందు అడుగు



మా బాపు దస్తావేజు లేఖరి. కరీంనగర్ వైపు ఒక చిన్న పట్టణంలో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద ఆయన బల్ల ఉండేది. క్రయపత్రాలు, దానపత్రాలు రాయడం అసలు పని. మధ్యాహ్నం జనం పలచబడ్డాక అర్జీలు రాసేవాడు. తహసీల్దారుకు ఒకటి, కరెంటు ఆఫీసుకు ఒకటి, బ్యాంకు మేనేజరుకు ఒకటి. ఎండాకాలం సెలవుల్లో నేను ఆ బల్ల పక్కన కూర్చుని కార్బన్ కాగితాలు సర్దేవాణ్ని.

ఎవరైనా వచ్చి "సారూ, ఒక దరఖాస్తు రాయాలె" అంటే బాపు వెంటనే కలం తీసేవాడు కాదు. భూమి ఎవరి పేరు మీద ఉంది, ఆయన ఎప్పుడు పోయిండు, అన్నదమ్ములు ఎంతమంది, అక్కచెల్లెళ్లు ఎంతమంది, పాసుబుక్కు ఎవరి దగ్గర ఉంది... ఇట్లా పది పన్నెండు ప్రశ్నలు అడిగేవాడు. రాయడానికి పది నిమిషాలు పడితే అడగడానికి అరగంట పట్టేది. నాకు విసుగొచ్చి ఒకరోజు, "ఆయన చెప్పింది రాసేయొచ్చు గద బాపూ" అన్నాను. "ముందు అడుగు, తర్వాత రాయి" అన్నాడు. ఆ మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు.

చాలా ఏళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, 2023 చివర్లో మానేసి, నేనొక్కణ్నే కూర్చుని ఒక యాప్ తయారు చేశాను. ఫోన్లో మాట్లాడితే తెలుగులో అర్జీ రాసిపెట్టే యాప్. ఆఫీసు లేదు, భాగస్వామి లేడు, పెట్టుబడి పెట్టినవాళ్లు లేరు. ఇంటి మేడమీద ఒక గది, ఒక ల్యాప్‌టాప్, నెలనెలా వచ్చే సర్వర్ బిల్లు, అంతే. కృత్రిమ మేధతో, అంటే మనం ఏఐ అని పిలుచుకునే దానితో, జనం వాడుకునే యాప్ ఒక్క మనిషి కట్టాలంటే ఏం పని పడుతుందో ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను.

ముందు ఈ యంత్రం సంగతి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ బయటికి వచ్చినప్పటి నుంచి ఏఐ అన్న మాట ఇంటింటా వినిపిస్తోంది. ముందున్న మాటలను బట్టి తర్వాత ఏ ముక్క రావచ్చో అంచనా కట్టుకుంటూ, ముక్క పక్కన ముక్క పేర్చుకుంటూ పోయే యంత్రం అది. దాన్ని మోడల్ అంటారు. అలాంటి మోడల్‌ను మొదటి నుంచి తయారు చేయడానికి కావలసిన డబ్బు, కరెంటు, కంప్యూటర్లు పెద్ద కంపెనీలకే ఉంటాయి. నాలాంటి వాడు దాన్ని అద్దెకు వాడుకుంటాడు. ఊళ్లో పిండి గిర్నీ లాంటిదన్నమాట. జొన్నలు మనవి, గిర్నీ వాళ్లది. కిలోకు ఇంత అని ఇచ్చి పట్టించుకుని వస్తాం. గిర్నీ కొనక్కర్లేదు కాబట్టే ఒక్క మనిషి వ్యాపారం సాధ్యమైంది.

అలాంటి ఒంటరి వ్యాపారుల కథలు మీరు వినే ఉంటారు. నెదర్లాండ్స్‌కు చెందిన పీటర్ లెవెల్స్ 2023లో ఫొటో ఏఐ అనే సైటు పెట్టాడు. మన ఫొటోలు కొన్ని ఇస్తే మనల్ని కొత్త బట్టల్లో, కొత్త చోట్లలో చూపించే ఫొటోలు తయారు చేస్తుంది. అంతా కొత్త కొత్త పరికరాల వెంట పరుగెత్తుతుంటే ఆయన పీహెచ్‌పీ, జేక్వెరీ అనే పాతకాలపు కోడింగ్ పరికరాలతోనే నెట్టుకొచ్చాడు. ఇజ్రాయెల్‌లో మావోర్ ష్లోమో అనే ఆయన ఒంటరిగా మొదలుపెట్టిన బేస్44 అనే సంస్థను, పెట్టిన ఆరు నెలలకే, 2025 జూన్‌లో విక్స్ కంపెనీ సుమారు 8 కోట్ల డాలర్లకు కొన్నది. ఒకే మనిషి నడిపే వంద కోట్ల డాలర్ల కంపెనీ ఏ సంవత్సరం పుడుతుందోనని పెద్ద పెద్ద వాళ్లు పందేలు కాసుకుంటున్నారని చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ 2024లో చెప్పాడు.

ఇవి విని ఉద్యోగం మానేయాలనుకునే పిల్లలు ఇంకో లెక్క కూడా వినాలి. తాను చేసిన 70కి పైగా పనుల్లో డబ్బు తెచ్చి పెరిగినవి నాలుగేనని లెవెల్సే 2021లో బాహాటంగా రాశాడు. నూటికి దాదాపు తొంభై అయిదు మునిగాయన్నమాట. మునిగినవాటి పేర్లు మనకు తెలియవు గనుక తేలినవే కనిపిస్తాయి.

ఇక నా కథ. మొదటి నమూనా మూడు రోజుల్లో తయారైంది. తెర మీద ఖాళీ పెట్టె, దాని కింద మైకు గుర్తు, "మీ సమస్య చెప్పండి" అనే మాట. నాకు ఎంతో ముచ్చటేసింది. మా బజార్లో జిరాక్సు దుకాణం పెట్టుకున్న స్నేహితుడి దగ్గరికి పట్టుకుపోయి, అక్కడికి వచ్చిన ఒక రైతు చేతిలో పెట్టాను. ఆయన తెరను అటూ ఇటూ చూసి, "ఇందులో ఏం చెప్పాలె?" అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. బతిమాలితే మైకు నొక్కి ఒక్క మాట అన్నాడు. "మా నాయిన పేరు మీదున్న భూమి నా పేరు మీదికి ఎక్కియ్యాలె."

యంత్రం క్షణంలో పేజీ నిండా రాసింది. మర్యాదలు, సంబోధనలు, చివర "భవదీయుడు" అన్నీ ఉన్నాయి. ఆయన చెప్పని సర్వే నంబరు కూడా ఉంది. తండ్రి చనిపోయిన తేదీ ఉంది. ఏకైక వారసుణ్ని నేనే అన్న వాక్యం కూడా ఉంది. వీటిలో ఏదీ ఆయన నోటి నుంచి రాలేదు. అర్జీలో సర్వే నంబరు ఉండాలి కాబట్టి యంత్రం ఒకటి పెట్టింది. అది అబద్ధమాడాలని ఆడలేదు. అక్కడ ఏ ముక్క పడితే అర్జీలా కనిపిస్తుందో ఆ ముక్క వేసింది. పచ్చి అబద్ధాన్ని చక్కని తెలుగులో రాయడం ఇంత సులువా అని నాకు చెమట పట్టింది.

ఆ రాత్రే బాపు మాట చెవికి ఎక్కింది. ఖాళీ పెట్టె పెట్టడమంటే, అడగాల్సిన పని అర్జీదారు నెత్తిన వేయడం. ఏం చెప్పాలో తెలిస్తే ఆయన లేఖరి దగ్గరికి ఎందుకొస్తాడు?

ఆ పెట్టె తీసేశాను. ఇప్పుడు యాప్ తెరిస్తే గొంతు పలకరిస్తుంది. భూమి సంగతా, పింఛనా, కరెంటా, నీళ్లా అని అడుగుతుంది. ఒకటి నొక్కితే దాని వెంట ఒక్కొక్క ప్రశ్నే వస్తుంది. మీకు చిత్రంగా ఉండొచ్చు, ఈ ప్రశ్నలు అడిగే భాగంలో ఏఐ లేదు. అది మామూలు ప్రోగ్రాం. ముప్పై ఏళ్ల కిందటైనా రాయగలిగినదే. ఏ సమస్యకు ఏ ప్రశ్న, ఏ జవాబు తర్వాత ఏ ప్రశ్న అన్న పట్టిక తయారు చేయడానికి నాలుగు నెలలు పట్టింది. మూడు రోజులు యాప్‌కు, నాలుగు నెలలు ప్రశ్నలకు.

యంత్రానికి నేను అప్పగించింది రెండే పనులు. మనిషి మాట్లాడిన దాంట్లోంచి జవాబు ఏరడం ఒకటి. ఏరిన జవాబులను వరుసగా వాక్యాల్లో కూర్చడం రెండోది. కూర్చేటప్పుడు పేర్లు, తేదీలు, నంబర్లు దాని చేతికి ఇవ్వను. అది అర్జీ రాసేటప్పుడు ఆ చోట్లు ఖాళీ ఉంచి రాస్తుంది. వాటిని తర్వాత నా ప్రోగ్రాం నింపుతుంది. ఆధార్ నంబరైతే అసలు అడగనే అడగను. కాగితం మీద గీత వదిలేస్తాను. ప్రింటు తీసుకున్నాక కలంతో రాసుకుంటారు. నా దగ్గర లేని నంబరును నా దగ్గర నుంచి ఎవరూ దొంగిలించలేరు.

అయినా తప్పు దొర్లింది. ఎక్కడో తెలుసా? ఒక పెద్దామె భూమి విస్తీర్ణం "ఎకరం పది గుంటలు" అని చెప్పింది. మన తెలంగాణ రికార్డుల్లో దాన్ని ఒకటి, చుక్క, పది అని రాస్తారు. చుక్కకు ముందు ఎకరాలు, తర్వాత గుంటలు. ఎకరానికి 40 గుంటలు గనుక ఆమెది ఎకరం పావు. జవాబు ఏరే పని యంత్రానిదే కదా, అది ఆమె మాటను అలాగే చుక్క పెట్టి రాసుకుని, ఆ చుక్కను దశాంశ బిందువు అనుకుంది. ఒకటి పాయింటు పది అంటే ఎకరం, అందులో పదో వంతు. పదో వంతంటే నాలుగు గుంటలు. ఆరు గుంటల భూమి గాలిలో కలిసింది. గుంటకు 121 గజాల లెక్కన 726 గజాలు. మా వైపు అది ఒక ఇల్లు, పెరడు, బర్రెల కొట్టం పట్టేంత జాగా.

ఆమె చదువుకోలేదు. కాగితం ఇస్తే తప్పు పట్టేది కాదు. అర్జీ చదివి వినిపించాకే కాగితం తయారయ్యేలా నేను ముందే ఒక మెట్టు పెట్టాను గనుక బతికిపోయాను. "ఒక ఎకరం నాలుగు గుంటలు" అని ఫోన్ చదవగానే, "ఏయ్, నాలుగెట్లయితయ్?" అని అక్కడే ఆపింది. దస్తావేజు రాసి, చదివి వినిపించి, రాయించుకున్నవాళ్లు సరే అన్నాకే వేలిముద్ర వేయించుకోవడం బాపు పద్ధతి. నేను దాన్నే తెర మీదికి తెచ్చాను. అప్పటి నుంచి అంకె వచ్చిన ప్రతిచోటా యాప్ ఆగి, "ఎకరం పది గుంటలు, సరేనా?" అని మళ్లీ అడుగుతుంది. వాడేవాళ్లను ఎక్కడా ఆపకుండా తీసుకెళ్లాలని డిజైన్ పుస్తకాలు చెప్తాయి. మా యాప్ మాత్రం కావాలనే ఆపుతుంది.

ఇంకొక చిక్కు, మన రెండు రాష్ట్రాల తెలుగు. ఒకే భూమి కాగితాన్ని ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్ అంటారు, ఇక్కడ తెలంగాణలో పహాణీ అంటారు. అక్కడ ఎకరానికి వంద సెంట్లు, ఇక్కడ నలభై గుంటలు. యంత్రం రెండింటినీ కలిపి కలగూరగంప చేసేది. కాలం సంగతి ఇంకా ఇబ్బంది. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి మొదలైంది. యంత్రం చదువుకున్నది అంతకు ముందరి రాతలు కాబట్టి, అదింకా ధరణి దగ్గరే ఆగిపోయి ఉంది. సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము ఎంతంటే తడుముకోకుండా పది రూపాయలంటుంది. మన నియమాల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.

దీనికి మందు పెద్ద సాంకేతికమేమీ కాదు. నేనొక చిన్న పుస్తకం రాసుకున్నాను. ఏ అర్జీ ఎవరికి పెట్టాలి, ఏ కాగితాలు జత చేయాలి, ఏ మాట వాడాలి, ఇది ఏ తేదీనాటి సమాచారం. అర్జీ రాయించే ప్రతిసారీ దానికి సంబంధించిన పేజీని యంత్రం ముందు పెట్టి, "ఇందులో ఉన్నదే రాయి" అని చెప్తాను. ఆ పుస్తకం సరిచూసుకోవడానికి వారానికోసారి తహసీల్దారు ఆఫీసుకు పోయి వస్తాను. ఏఐ కంపెనీ నడిపేవాడు చేసే పనిలా అది కనిపించదు గానీ, నా యాప్‌లో నమ్మదగిన భాగమేదైనా ఉంటే అది ఆ పుస్తకమే.

ఇప్పుడు డబ్బు సంగతి. గిర్నీలో కిలో లెక్క అన్నాను కదా, ఇక్కడి కొలతను టోకెన్ అంటారు. యంత్రం మాటలను ముక్కలు చేసి మింగుతుంది, ముక్కకు ఇంత అని డబ్బు తీసుకుంటుంది. తెలుగుకు అన్యాయం ఇక్కడే జరిగేది. "స్త్రీ" అన్న అక్షరం తీసుకోండి. మన కంటికి ఒక్కటే. కంప్యూటర్ లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం ఆరు. ఒక్కొక్కటి మూడు బైట్లు. అంటే పద్దెనిమిది బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. ఇంగ్లీషు కొలతతో తెలుగును కోస్తే రజను రజను అయిపోయేది.

2024 మే నెలలో జీపీటీ-4ఓ మోడల్ ప్రకటించినప్పుడు ఓపెన్‌ఏఐ ఒక పట్టిక ఇచ్చింది. ఒకే విషయం, వేర్వేరు భాషల్లో. పాత కొలతలో ఇంగ్లీషుకు 27 టోకెన్లు, తెలుగుకు 159. దాదాపు ఆరు రెట్లు. కొత్త కొలతలో ఇంగ్లీషుకు 24, తెలుగుకు 45. తేడా రెండు రెట్ల లోపుకు దిగింది. ఆ పట్టిక చూసిన రోజు నాకు పండగ.

నా యాప్ లెక్కలో చెప్తాను. ఒక అర్జీ కొత్త కొలతలో సుమారు 1,500 టోకెన్లు. 2023 మార్చిలో జీపీటీ-4 వచ్చినప్పుడు రాసిన ప్రతి పది లక్షల టోకెన్లకు 60 డాలర్లు తీసుకునేవారు. పాత కొలత, పాత ధర కలిపితే, డాలరు 85 రూపాయల చొప్పున, ఒక్క అర్జీ రాతకు దాదాపు 27 రూపాయలు. 2024 జులైలో జీపీటీ-4ఓ మినీ అనే చిన్న మోడల్ వచ్చింది. పది లక్షల టోకెన్లకు 60 సెంట్లు. అదే అర్జీ ఎనిమిది పైసల లోపు. ఖాళీలు నింపడం నేనే చేసుకుంటాను గనుక నా పనికి చిన్న మోడల్ చాలు. గొంతు వినడానికి, చదివి వినిపించడానికి, తప్పుపోయినవి మళ్లీ రాయించడానికి అయ్యేది వేరే ఉంటుంది. అయినా ఇరవై ఏడు రూపాయలు పైసల్లోకి దిగింది కదా.

చవకైందని ఏమరితే మాత్రం కొంప మునుగుతుంది. 2019లో అమెరికాలోని యూటాలో నిక్ వాల్టన్ అనే విద్యార్థి ఏఐ డంజన్ అనే కథల ఆట తయారు చేశాడు. జనం విరగబడి ఆడారు. ఆడే ప్రతి మాటకూ ఖర్చే. 2021 నాటికి ఆ ఆట కంపెనీకి ఏఐకి, సర్వర్లకు కలిపి నెలకు దాదాపు 2 లక్షల డాలర్లు అయ్యేవట. మామూలు యాప్‌లో పది మంది వాడినా పది వేల మంది వాడినా ఖర్చులో తేడా కొంతే ఉంటుంది. ఇక్కడ వాడేవాళ్లు పెరిగితే గిర్నీ బిల్లూ పెరుగుతుంది. ఉచితం అని బోర్డు పెట్టే ముందు కాగితం మీద గుణకారం చేసుకోవాలి.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పేస్తాను. గిర్నీ తాళంచెవి లాంటి రహస్య సంకేతం ఒకటి ఉంటుంది, ఏపీఐ కీ అంటారు. దాన్ని సర్వర్లో దాచాలి. తొందరలో నేను యాప్ లోపలే పెట్టేశాను. యాప్‌ను విప్పి చూసే విద్య తెలిసినవాళ్లు దాన్ని తీసుకున్నారు. ఒక్క రాత్రిలో ఎవరెవరో నా ఖాతాలో పిండి పట్టించుకున్నారు. తెల్లారేసరికి బిల్లు మా ఇంటి అద్దె దాటింది. రోజుకు ఇంతకు మించి ఖర్చు కాకూడదని హద్దు పెట్టుకోవడం ఆ తెల్లవారుజామున నేర్చుకున్నాను. ఒక్కడే ఉన్నచోట తప్పు ఎవరిదని వెతుక్కునే శ్రమ ఉండదు.

అద్దె గిర్నీకి ఇంకో గండం ఉంది. యజమాని ఎప్పుడైనా మూసేస్తాడు. కోడ్ రాసే కోడెక్స్ మోడల్‌ను ఓపెన్‌ఏఐ 2023 మార్చిలో మూడు రోజుల ముందు చెప్పి ఆపేసింది. ఎన్నో యాప్‌లకు ఆధారమైన టెక్స్ట్-డావిన్చి-003 మోడల్ 2024 జనవరి 4న ఆగిపోయింది. కొత్త మోడల్ మెరుగైనదే అయినా తీరు మారుతుంది. నిన్న సూటిగా రాసింది ఇవాళ వర్ణనలు మొదలుపెడుతుంది. అందుకే నలభై అర్జీల పరీక్ష తయారు చేసి పెట్టుకున్నాను. గుంటల తప్పు లాంటి పాత తప్పులన్నీ అందులో ఉన్నాయి. మోడల్ మారినా, నేను చెప్పే సూచనలో ఒక్క వాక్యం మారినా, నలభై అర్జీలూ మళ్లీ రాయించి చూస్తాను. ఒకటి తప్పినా జనం చేతికి ఇవ్వను.

ఇంతా చేసి ప్రింటు దగ్గర బోల్తా పడ్డాను. తెర మీద చక్కగా కనిపించిన తెలుగు పీడీఎఫ్‌లోకి వెళ్లేసరికి ఒత్తులు ఊడిపోయి పక్కన పడ్డాయి. పీడీఎఫ్ తయారు చేసే పరికరాలు చాలావాటికి మన గుణింతాలు, ఒత్తులు పేర్చడం రాదు. చివరికి ముందు వెబ్ పేజీగా తయారు చేసి, బ్రౌజర్ చేత పీడీఎఫ్ చేయిస్తే నిలబడ్డాయి. ఒత్తు ఊడిన అర్జీని ఏ గుమాస్తా తీసుకుంటాడు చెప్పండి.

ఆ తర్వాత ప్లే స్టోర్. రుసుము 25 డాలర్లు, ఒక్కసారి కడితే సరిపోతుంది. అయితే కొత్తగా సొంత పేరున ఖాతా తెరిచినవాళ్లు పన్నెండు మంది చేత పద్నాలుగు రోజులు ఎడతెగకుండా పరీక్ష చేయించాలి. మొదట్లో ఇరవై మంది అనేవారు, 2024 చివర్లో పన్నెండుకు తగ్గించారు. ఒంటరివాడికి పన్నెండు మందిని పట్టుకోవడమే మొదటి మార్కెటింగ్. మా ఇంట్లోవాళ్లు, జిరాక్సు దుకాణం స్నేహితుడు, అతని బావమరిది, ఇద్దరు టీచర్లు, మా బాపు, ఇట్లా పోగు చేశాను.

ఆ పద్నాలుగు రోజుల్లో తెలిసింది, నేను ఊహించుకున్న రైతు యాప్ పట్టుకోడని. ఫోన్ ఆయనదే, పట్టుకునేది తొమ్మిదో తరగతి మనవడు. తాత చెప్తుంటే వాడు నొక్కుతాడు. కాగితం కావాలంటే ఇద్దరూ జిరాక్సు దుకాణానికే రావాలి. అందుకని ఇంట్లో వాడుకునేవాళ్లకు ఉచితంగా ఉంచి, జిరాక్సు దుకాణాల వాళ్ల దగ్గర నెలకు ఇంత అని తీసుకుంటున్నాను. నా పాత జీతంలో మూడో వంతు వస్తోంది. పత్రికల్లో రాయదగ్గ కథ కాదు గానీ ఇల్లు గడుస్తోంది.

మనవడి సంగతి ఇంకో బాధ్యత తెచ్చింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, అదీ రుజువు చూపగలిగేలా. అనుమతి పత్రాల జోలికి పోయే ముందు, నాకు సమాచారం ఎందుకు అని నన్ను నేను అడుక్కున్నాను. పేరు నమోదు తీసేశాను. అర్జీ ఫోన్లోకి దిగగానే నా సర్వర్ నుంచి చెరిగిపోతుంది.

కొన్నిటికి యాప్ రాయను అంటుంది. ఒకాయన సర్పంచి లంచం తిన్నాడని రాయమన్నాడు. "మీరు చూశారా? ఎప్పుడు? ఎంత?" అని యాప్ అడిగింది. చూడలేదట, విన్నాడట. ఈ యంత్రం పుకారును కూడా ఫిర్యాదుగా అందంగా రాయగలదు. కాబట్టి చూసినది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తుంది, పేరు పెట్టి తిట్టమంటే మానేస్తుంది. ఏఐతో తయారైన రాతలో అభ్యంతరం ఉంటే యాప్ దాటకుండానే ఫిర్యాదు చేసే మీట ఉండాలని ప్లే స్టోర్ నియమం కూడా ఉంది. కెనడాలో ఒక ప్రయాణికుడికి ఎయిర్ కెనడా చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. చాట్‌బాట్ మాటలకు మా పూచీ లేదని కంపెనీ వాదిస్తే, 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. యంత్రం మాటకు దాన్ని పెట్టినవాడే జవాబుదారు. నా విషయంలో పెట్టినవాణ్ని నేనొక్కణ్నే.

ఒంటరితనం గురించి చెప్పకుండా ముగిస్తే నిజం దాచినట్టే. కోడ్ రాయడంలో ఇప్పుడు ఏఐ తోడుంటుంది. ఐదుగురి పని ఒకరు చేయగలుగుతున్నది అందుకే. తోడుంటుంది గానీ కాదనదు. అర్ధరాత్రి నాకు తోచిన ప్రతి పిచ్చి ఆలోచననూ అది భేష్ అంది. పక్క బల్ల దగ్గర గునిసేవాడొకడు ఉండి, "ఇది ఎందుకయ్యా?" అని ఒక్కసారి అనాలి. ఆ మనిషి నా గదిలో లేడు.

ఆ మాట అన్నది మా బాపు. పన్నెండు మందిలో ఆయన ఒకడని చెప్పాను కదా. కంటి ఆపరేషన్ అయ్యాక అక్షరాలు పెద్దవి చేసుకుని, వారసత్వం అర్జీ ఒకటి మొదటి నుంచి చివరి దాకా రాయించుకున్నాడు. విన్నాడు. ఇంకోసారి వినిపించమన్నాడు. తర్వాత అడిగాడు. "అన్నదమ్ములు ఎంతమంది అని అడిగినవు. అక్కచెల్లెళ్లు?"

నా పట్టికలో ఆ ప్రశ్న లేదు.

నాలుగు నెలలు ప్రశ్నలు రాసుకున్నాను. నలభై అర్జీల పరీక్ష పెట్టాను. అందులో ఏదీ ఈ లోపాన్ని పట్టలేదు. ఎందుకంటే పరీక్ష రాసిందీ నేనే. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఉండేలా కేంద్రం 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. మనకైతే ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో, 1985 నుంచే ఆ దారి పడింది. నా యాప్ మాత్రం అడగలేదు. అడగలేదు గనుక యంత్రం రాయలేదు. ఎంతమంది ఆడపిల్లల పేర్లు లేకుండా ఆ అర్జీలు నున్నగా తయారై పోయేవో. చిన్నప్పుడు వేసవి వేసవికీ ఆ బల్ల పక్కన కూర్చుని విన్న ప్రశ్న, చేతికి పని వచ్చేసరికి నేనే మరిచిపోయాను.

బాపు రాతకు కూలి తీసుకునేవాడు. ప్రశ్నలకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇప్పుడు రాత ఎనిమిది పైసలు. వచ్చే ఏడు ఇంకా తగ్గొచ్చు. ప్రశ్నల ధర మాత్రం తగ్గలేదు. నా జిరాక్సు దుకాణాల వాళ్లు నెలనెలా నాకు ఇచ్చేది దానికే.

వింటున్న వాళ్లలో ఇలాంటి యాప్ కట్టాలనుకునే పిల్లలు ఉంటే ఒక్క మాట. తెలంగాణలో ప్రతి సోమవారం కలెక్టరేట్లలో జనం అర్జీలు ఇచ్చుకునే ప్రజావాణి జరుగుతుంది. మీరు కట్టాలనుకునేది అర్జీల యాప్ కానక్కర్లేదు. వంటదైనా, చదువుదైనా, పెళ్లి సంబంధాలదైనా దానికీ ఒక వేపచెట్టు, ఒక బల్ల ఎక్కడో ఉంటాయి. వచ్చే సోమవారం ల్యాప్‌టాప్ ఇంట్లో పెట్టి, ప్రజావాణికో, మీ పనికి సంబంధించిన ఆ బల్ల దగ్గరికో వెళ్లి ఒక పూట నిలబడండి. ఎవరు ఎవరిని ఏం అడుగుతున్నారో రాసుకోండి. కోడ్ సాయంత్రం రాసుకోవచ్చు.